చెరసాల పక్కన విద్యార్థి వసతి

మనదేశంలో తొలి ఐ.ఐ.టి. ఖరగ్‌పూరులో వెలసినదని పాఠకులు ఎరిగినదే. అయితే ఆ సంస్థ ఒక నిర్బంధ శిబిరంలో పురుడు పోసుకున్నదన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. విచారణ లేకుండా పట్టుకొచ్చిన యువకులను ఉంచడానికి ఆంగ్ల ప్రభుత్వం 1930లో హిజ్లీలో ఆ శిబిరం తెరిచింది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన బందీలపై పోలీసులు కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా నేలకొరిగారు. కలకత్తా సభలో రవీంద్రనాథ ఠాగూరు దీనిని తీవ్రంగా నిరసించారు.

స్వాతంత్ర్యానంతరం ఉన్నత సాంకేతిక విద్యాలయానికి ఆ భవనమే ఆశ్రయమిచ్చింది. 1951 ఆగస్టులో 224 మంది విద్యార్థులతో తొలి విద్యా సంవత్సరం మొదలైనది. కేంద్ర విద్యామంత్రి మౌలానా ఆజాద్ ప్రారంభోత్సవం చేశారు. కాలక్రమాన వెలసిన వసతి గృహాలకు (అక్కడ 'హాలు' అంటారు) పటేల్, ఆజాద్, నెహ్రూ పేర్లు పెట్టారు. ముగ్గురూ 1942లో అహ్మద్‌నగర్ కోటలో కలిసి బందీలైనవారే. అమ్మాయిల హాలుకు పేరిచ్చిన సరోజినీ నాయుడు, మన హైదరాబాదు ఆడపడుచు, ఆ ఏడే పూణే ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్నారు. ఆలోచించి పెట్టినా, యాదృచ్ఛికమైనా మాకిది సముచితంగానే తోస్తుంది.

1980ల చివర మేము అక్కడ చేరినప్పుడు నాన్నగారు వెంట వచ్చారు. మా తాతగారు 1942లో కొన్ని నెలలు రాజమండ్రి జైలులో గడిపినవారు. అందువల్ల కాబోలు, నాన్నగారు ముందుగా ఆ పాత భవనం చూస్తానన్నారు. చూసి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. మాకు కేటాయించిన గదిలో ఇనుప మంచం, బల్ల, కుర్చీ, ఒక కిటికీ. మంచం గట్టిదో కాదో ఆయన చూడలేదు. తలుపు రెండుసార్లు మూసి తెరిచి, గడియను చేతితో తడిమి, "లోపలి వైపునే ఉన్నదిరా" అన్నారు. ఆ సాయంత్రపు రైలుకే వెళ్ళిపోయారు.

మొదటి నెలలలో ఇంటిమీద బెంగ ఎక్కువగానే ఉండేది. ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొంత ఊరటనిచ్చేవి. దీపావళి రాత్రి హాళ్ళలో విద్యుద్దీపాలన్నీ ఆర్పి, వెదురు చట్రాలకు వేలాది మట్టి ప్రమిదలు అమర్చి బొమ్మలు కట్టేవారు. హాళ్ళ మధ్య పోటీ మహా జోరు. నూనె పోయడానికే మా చేతులు అరిగేవి. చూడవచ్చిన ఆ కుటుంబాలవారు "బాబూ, ఏ ఊరు మనది?" అని పలకరించేవారు.

ఆ పాత భవనానికి ఇప్పుడు శహీద్ భవన్ అని పేరు. 1990 నుండి అక్కడ నెహ్రూ పేరిట విజ్ఞాన ప్రదర్శనశాల ఉన్నది. ఆఫీసు పనిమీద కోల్‌కతా వెళ్ళే మన సహోద్యోగులు ఒక పూట కేటాయించుకోవచ్చు. హౌరా నుండి రైలులో సుమారు రెండు గంటలు.