సెకండ్‌హ్యాండ్ తుపాకీ

పాత సామాను బేరమాడటంలో మన ఆడవాళ్ళని మించినవాళ్ళు లేరని నా నమ్మకం. కుట్టుమిషనయితే చక్రం నాలుగుసార్లు తిప్పి చూస్తాం. బీరువా అయితే తలుపు తట్టి, తాళం తిప్పి, వెనకవైపు తుప్పుందేమోనని వంగి మరీ చూస్తాం. అదేం చిత్రమో గాని, మగవాళ్ళు మాత్రం 'చవగ్గా వస్తోంది' అన్న ఒక్క మాటకి పడిపోతారు.

ఈమధ్య నాతవరం నుంచి మా చిన్నత్తయ్య ఫోను చేసింది. "ఏమ్మా, నీ నవలల్లో తుపాకులు పేల్తాయి కదా, పాత తుపాకీ కొంటే ఏటవుద్ది?" అంది. నా నవలల్లో తుపాకీ పేలితే విలన్ పోతాడు, అంతే. దాని వయసెంతని ఏ పాఠకురాలూ అడగలేదు మరి!

సంగతేమిటంటే, మావయ్య చెరకుతోటలో అడవిపందులు పడుతున్నాయి. ఒక్క రాత్రిలో చాళ్ళకి చాళ్ళు విరిచి పోతున్నాయి. పంటమీద అప్పుంది. ఎవరో పరిచయస్తుడు పాత వేట రైఫిలు సగం ధరకే ఇస్తానన్నాట్ట. కాయితాలు తరవాత చూసుకుందామన్నాట్ట. డబ్బుకోసం మావయ్య చూపు అత్తయ్య మెళ్ళో గొలుసుమీద పడింది. పైగా ఆయనకి తుపాకీ అంటే అదో గౌరవం. 1922 ఆగస్టులో ఆ చుట్టుపక్కలే ఉన్న కృష్ణదేవిపేట పోలీసు స్టేషన్నుంచి అల్లూరి సీతారామరాజు తుపాకులు పట్టుకుపోయిన కథ వింటూ పెరిగినవాడాయె. "ఆయన కాయితాలు సూసే పట్టికెళ్ళారేటి?" అంటాడు!

మా వీధిలో మిలటరీలో చేసి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన్నడిగాను. "కుక్కరు మూత సరిగ్గా పట్టకపోతే ఏమవుతుందమ్మా?" అని ఎదురు ప్రశ్న వేశారు. ఆవిరి పక్కనుంచి తన్నుకొస్తుందన్నాను. "ఇదీ అంతే" అన్నారు. తూటా పేలినప్పుడు పుట్టే వాయువు గుండుని ముందుకు తోయాలి. వెనక మూసే బోల్టు అరిగి సందు పడితే, తూటా ఇత్తడి గొట్టం చీలి, నిప్పులాంటి గాలి కాల్చేవాడి కళ్ళలోకే వస్తుందట. తుపాకీ గొట్టం తుప్పు తిని గుంటలు పడ్డా, ఎక్కడైనా ఉబ్బినా, దాని కొలతది కాని తూటా వేసినా ప్రమాదమే. పైన నూనె రాసి నిగనిగలాడించొచ్చు. లోపలి సంగతి తుపాకులు బాగుచేసే పనివాడు విప్పి చూస్తే తప్ప తెలీదు.

ఇహ కాయితాలు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం, లైసెన్సున్న మనిషి తన సొంత తుపాకీని ఇంకో లైసెన్సుదారుకి అమ్మాలన్నా, కొనేవారి పేరూ ఊరూ జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గర్లోని పోలీసు స్టేషనుకో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకుంటే, 2019 సవరణ తరవాత, రెండేళ్ళనుంచి అయిదేళ్ళదాకా జైలు. దానిమీది నంబరు గీకేసి ఉందనుకోండి, అది ఎవరింట్లో దొంగిలించిందో, ఎవరి ప్రాణం తీసిందో! ఆ పాపమూ దాంతోపాటే మన గడప తొక్కుతుంది. పోనీ లైసెన్సే వచ్చిందనుకుందాం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒకటుంది. అధికారులు రాసిచ్చిన అనుమతి లేకుండా పందిని కాల్చకూడదు.

ఇదంతా అత్తయ్యకి చెప్పాను. ఆవిడ మావయ్యతో వాదం పెట్టుకోలేదు. ఆ అమ్మే పెద్దమనిషి వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి, "మీ లైసెన్సు ఓపాలి సూపించండి బాబూ. తుపాకీ మీద నంబరేటి? స్టేషనుకెళ్ళి రాసిచ్చొద్దామా?" అని మాత్రం అడిగిందట. సగం కాఫీ వదిలేసి వెళ్ళినవాడు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

పందులు మాత్రం వస్తూనే ఉన్నాయి. మావయ్య రాత్రుళ్ళు మంచెమీద కూచుని డబ్బా వాయిస్తూ మా ఇద్దర్నీ తిట్టుకుంటున్నాడట. "తిట్టుకోనీ అమ్మా. కళ్ళూ సేతులూ సల్లగా ఉన్నాయి, నాకదే సాలు" అంది అత్తయ్య.

గొలుసు మాత్రం ఆవిడ మెళ్ళో లేదు. తనే బ్యాంకులో పెట్టి తోటచుట్టూ కంచె వేయిస్తోంది. కరెంటు తీగ కాదు సుమండీ, ముళ్ళకంచె!