తారకేశ్వర పాదయాత్ర – ఒక వేలు, రెండు శ్రావణాలు

ఉద్యోగరీత్యా కోల్‌కతాలో స్థిరపడిన మన తెలుగువారందరికీ కాళీఘాట్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం సుపరిచితాలే. ఉదయం బయలుదేరి వాటిని దర్శించుకొని మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరవచ్చు. రాత్రంతా నడిచి చేరవలసిన క్షేత్రం మాత్రం హుగ్లీ జిల్లాలోని తారకేశ్వరం. శ్రావణంలో కాషాయ వస్త్రాలు ధరించి, భుజాన కావడితో హౌరా స్టేషన్‌లో లోకల్ రైళ్ళెక్కే యాత్రికులను చూడనివారుండరు. పద్దెనిమిది సంవత్సరాలు నేనూ వారిని చూస్తూ నా ఆఫీసు దారిన పోయినవాడినే. గడచిన రెండు శ్రావణాలలో మాత్రం వారిలో ఒకడినై నడిచాను. మొదటిసారి యాత్ర పూర్తి కాలేదు సరిగదా, కుడికాలి చిటికెన వేలును పోగొట్టుకొన్నాను. రెండవసారి పూర్తయినది. ఈ రెండింటి నడుమ నేర్చుకొన్న సంగతులను సహోద్యోగులతో, ముఖ్యంగా నావలె యాభై దాటి మధుమేహంతో కాలక్షేపం చేస్తున్నవారితో, పంచుకోవాలని ఈ ప్రయత్నం.

యాత్ర వైద్యబాటిలోని నిమాయ్ తీర్థ ఘాట్ వద్ద ఆరంభమవుతుంది. హౌరా నుండి లోకల్ రైలులో షెవ్‌రాఫులి స్టేషన్‌కు సుమారు 40 నిమిషాలు. అక్కడినుండి ఘాట్‌కు నడిచిపోవచ్చు. నిమాయ్ అనగా చైతన్య మహాప్రభువు. ఆయన ఈ రేవులో స్నానమాచరించారని స్థానికుల విశ్వాసం. ఆ మహాప్రభువే తదుపరి దక్షిణదేశ యాత్రలో మన గోదావరి తీరాన రామానంద రాయలను కలుసుకొన్నారని తలచుకొంటే, గంగలో కుండ ముంచుతున్న తెలుగువానికి ఆ రేవుతో ఏదో చుట్టరికం కుదిరినట్లుంటుంది.

షెవ్‌రాఫులి నుండి తారకేశ్వర్‌కు రైలుమార్గం 1885లో ప్రారంభమైనది. దాని పొడవు సుమారు 35 కిలోమీటర్లు. రోడ్డు ఇంకొంచెం ఎక్కువ. రోడ్డు చాలావరకు రైలుమార్గానికి సమీపంగానే సాగుతుంది గనుక ఎక్కడ కాళ్ళు మొరాయించినా ఏదో ఒక స్టేషన్ చేరువలోనే ఉంటుంది. దియారా, నసీబ్‌పూర్, సింగూరు, కమర్‌కుండు, నాలికుల్, మాలియా, హరిపాల్, కైకాలా, బాహిర్‌ఖండ్, లోక్‌నాథ్, తారకేశ్వర్ – ఈ వరుసను ఒక చీటీపై వ్రాసుకొని జేబులో ఉంచుకోవాలి. సాధారణ దినాలలో అర్ధరాత్రి నుండి తెల్లవారుజాము వరకు రైళ్ళుండవన్న సంగతిని కూడా అదే చీటీపై వ్రాసుకోవడం మంచిది.

మన పంచాంగాన్ని నమ్ముకొని బయలుదేరితే పొరపాటు జరుగుతుంది. తారకేశ్వరంలో శ్రావణి మేళా గురుపూర్ణిమ నుండి శ్రావణ పూర్ణిమ వరకు జరుగుతుంది. అనగా మన ఆషాఢ బహుళ పక్షం వారికి యాత్రాకాలం. మన శ్రావణ బహుళం నాటికి మేళా ముగిసిపోతుంది. సోమవారం అభిషేకానికై శని, ఆదివారాలలో బయలుదేరేవారే అధికం. ఆ జనసమ్మర్దంలో నడవడం మా వయసువారి పని కాదు. మంగళ, బుధవారాలలో వెళ్ళినా స్వామి ఆయనే.

ఇక మొదటి యాత్ర సంగతి. నా గుండె రక్తనాళంలో స్టెంట్ అమర్చిన రోజున నా శ్రీమతి ఈ మొక్కు మొక్కుకొన్నది. నాకు మొక్కులపై విశ్వాసం తక్కువే అయినా, నా ప్రాణానికి సంబంధించిన మొక్కును కాదనడం మర్యాద కాదనిపించి బయలుదేరాను. నా పాదాలలో స్పర్శ కొంత తగ్గినదనీ, ఇంట్లో సైతం చెప్పులు లేకుండా తిరగరాదనీ డాక్టరుగారు అదివరకే హెచ్చరించి ఉన్నారు. అందుకే కాన్వాస్ బూట్లతోనే వెళ్ళాను. ఘాట్‌లో చూస్తే వేలమంది నడుమ బూట్లున్నవాడిని నేనొక్కడినే అనిపించినది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. నాకే సిగ్గు వేసి, వాటిని విప్పి సంచిలో పడవేశాను. సింగూరు వద్ద దుర్గాపూర్ ఎక్స్‌ప్రెస్‌వేను దాటినప్పుడు, నాలికుల్‌లో టీ త్రాగినప్పుడు హాయిగానే ఉన్నాను. హరిపాల్‌లో ఒక దుకాణదారు నా అడుగుజాడలు చూపించి "దాదా, రక్తం!" అన్నాడు. గాజుపెంకు ఎక్కడ దిగినదో, దానిపై ఎన్ని కిలోమీటర్లు నడిచానో నాకు తెలియనే తెలియదు. అదే నొప్పి తెలిసే పాదమైతే మొదటి అడుగులోనే ఆగిపోయేవాడిని. తెల్లవారాక హరిపాల్‌లోనే రైలెక్కి వెనుకకు వచ్చేశాము. గాయం చీము పట్టినది. మూడవ వారంలో వేలు తీసివేయవలసి వచ్చినది.

వేలు లేనందుకు నేనంతగా బాధపడలేదు. "నా మొక్కే మీ వేలు తీసిందండీ" అని నా శ్రీమతి ఏడాది పొడుగునా కుమిలిపోవడం చూడలేకపోయాను. బూట్లు విప్పినవాడిని నేనని ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవికెక్కలేదు. అందుచేత రెండవ యాత్ర నా పట్టుదల మీదనే జరిగినది. ఈసారి గాయం పూర్తిగా మానినదని డాక్టరుగారు చూసి అనుమతించిన తరువాతనే సాధన ప్రారంభించాను.

సాధనకు రవీంద్ర సరోవర్ చుట్టూ ఉన్న బాట చాలును. ఎనిమిది వారాల ముందునుండి నడుస్తూ, ఆదివారాలలో దూరం పెంచుకొంటూ, చివరకు ఒకే విడతలో 20 కిలోమీటర్లు నడవగలిగితే ధైర్యంగా బయలుదేరవచ్చు. యాత్రకు కొత్త బూట్లు పనికిరావు. సాధన చేసిన బూట్లే ఉండాలి. నూలు మేజోళ్ళు నాలుగు జతలు ప్లాస్టిక్ సంచిలో తీసుకువెళ్ళి, వాన కురిసినా చెమటతో తడిసినా వెంటనే మార్చుకోవాలి. తడిసి నానిన చర్మం సులువుగా బొబ్బలెక్కుతుంది. ప్రతి గంటకూ ఆగి, చిన్న చేతి అద్దంతో అరికాళ్ళు చూసుకోవాలి. పాదం చెప్పని సంగతి అద్దం చెబుతుంది.

దారిపొడుగునా సేవాశిబిరాలవారు ఆదరంగా షర్బతు, మిఠాయిలు ఇస్తారు. కాళ్ళకు వేడినీళ్ళు పెడతారు. మధుమేహం గలవారు ఈ వేడినీటిలో కాళ్ళు పెట్టనే రాదు, కాలినా తెలియదు. షర్బతుకు దణ్ణం పెట్టి మంచినీరు, మరమరాలు తీసుకోవచ్చు. అయితే రాత్రంతా నడిస్తే చక్కెర పడిపోయే ప్రమాదం కూడా ఉన్నది గనుక గ్లూకోజు పొట్లం జేబులో ఉండాలి. ఆనాటి మాత్రల మోతాదును ముందుగానే డాక్టరుగారిని అడిగి తెలుసుకోవాలి. నాకు చెప్పిన మోతాదును ఇక్కడ వ్రాయను. అది నా శరీరానిది.

కావడి విషయంలో మనవంటి ఇంజనీర్లకు కొంత వినోదం లభిస్తుంది. రెండు కుండలలో నీరు సమానంగా లేకపోతే ఐదవ కిలోమీటరుకే భుజం లెక్క అప్పజెబుతుంది. గట్టి కర్ర కంటె కాస్త వంగే వెదురు మేలు. నడకతోపాటు అది ఊగుతూ ఉంటే కుండల కుదుపు ఒక్కసారిగా భుజం మీద పడదు. కావడిని నేలపై దించరాదన్నది నియమం; దారిలో తగిలించడానికి వెదురు దండేలు కట్టి ఉంటారు. ఇద్దరు కలిసి వెళితే ఒకే కావడిని మార్చి మార్చి మోయవచ్చు. మేము చేసినదదే.

సాయంత్రం ఐదింటికి బయలుదేరి గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడిచి, మధ్యమధ్య మొత్తం నాలుగు గంటలు విశ్రమిస్తే ఉదయం ఆరు ఏడు గంటలకు చేరవచ్చు. ఒకేసారి పావుగంటకు మించి కూర్చుంటే కీళ్ళు బిగుసుకొంటాయి. రాత్రివేళ ఆ రోడ్డుపై లారీలు తిరుగుతాయి గనుక, పని స్థలాలలో మనం వేసుకొనే మెరుపు పట్టీల చొక్కాలు ఇద్దరమూ తొడుక్కొన్నాము. ఎవరో మమ్మల్ని పోలీసులనుకొని దారి అడిగారు.

నాలికుల్ దాటాక రోడ్డుకిరువైపులా వరిచేలు, జనుపచేలు. చీకటిలో కనబడేవి తక్కువ. కప్పల అరుపులు, వెనుకనుండి "భోలే బాబా పార్ కరేగా" అనే కేకలు. హరిపాల్ రాగానే నా శ్రీమతి నడక నెమ్మదించినది. ఆమె అడగకమునుపే నేను కూర్చుని బూట్లు విప్పి అద్దం ఆమె చేతికిచ్చాను. టార్చి వేసి రెండు పాదాలూ తిప్పి తిప్పి చూసి, మారుమాటాడకుండా పొడి మేజోళ్ళు అందించినది.

గుడి పక్కన దూధ్‌పుకుర్ కోనేరు, పాలరాతి నేల తడితో జారుతూ ఉంటుంది. ఆలయంలో పాదరక్షలకు తావు లేదు గనుక అక్కడ మాత్రం బూట్లు విప్పి, ఆమె భుజం పట్టుకొని మెల్లగా అడుగులు వేశాను. జలాభిషేకం అరనిమిషంలో ముగిసినది. తిరుగు రైలులో కిటికీ పక్కన చోటు దొరికినది. లోక్‌నాథ్ స్టేషన్ దాటక మునుపే ఆమె నా కాళ్ళను తన ఒడిలోకి తీసుకొని, అద్దం తీసి, మిగిలిన తొమ్మిది వేళ్ళనూ ఒక్కొక్కటిగా చూసినది. "ఏమీ లేదండీ" అన్నది. కమర్‌కుండు వచ్చేసరికి ఇద్దరమూ నిద్రపోయాము.