సువర్ణరేఖ మీద నీటిమట్టాలు: జంషెడ్‌పూర్ యాత్రా లేఖలు

మొదటి లేఖ: చాండిల్, భాద్రపదం

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

రాంచీకి సమీపాన పుట్టి, హుండ్రూ వద్ద సుమారు 98 మీటర్ల ఎత్తు నుంచి దూకి, ఝార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఒడిశాల మీదుగా బంగాళాఖాతంలో కలిసే సువర్ణరేఖకు హిమనదుల ఆధారం లేదు; అది పూర్తిగా వాననీటి మీద బతికే నది. ఛోటానాగ్‌పుర్ పీఠభూమిలో చాలాచోట్ల పైమట్టి పలుచన, కింద గట్టి శిల కావడంతో కురిసిన వానలో ఇంకేది తక్కువై పారేది ఎక్కువవుతుంది. అందువల్ల వేసవిలో ఇసుక మేటల నడుమ సన్నని పాయలుగా సాగే నది, గట్టి వాన పడితే ఒక్క రాత్రిలోనే ఒడ్డులొరసి పారగలదు. కయాక్, అంటే ఒకరిద్దరు కూర్చుని తెడ్డుతో నడిపే సన్నని పడవలోగాని, రాఫ్ట్ అనే గాలి నింపిన రబ్బరు తెప్పలోగాని ఈ నది మీద ప్రయాణించదలచినవారు దారి దూరం కంటే ముందు తెలుసుకోవలసినది, ఆ పూట నీరెంత ఉంది, అది పెరుగుతోందా తీస్తోందా అన్న సంగతి.

జంషెడ్‌పూర్‌కు ఎగువనున్న చాండిల్ జలాశయం ఈ లెక్కను మరింత చిక్కుపరుస్తుంది. గేట్లు ఎత్తితే నగరం మీద మబ్బుతునక లేకపోయినా దిగువన నీరు లేస్తుంది కనుక, ఆకాశాన్ని చూసి పడవ దించడం ఇక్కడ చెల్లదు. గేట్లు దించి ఉంచితే అదే నీరు వెనుకకు ఎగదన్ని, నూటికి పైగా గ్రామాలను నష్టపరచిన ముంపు ప్రాంతంలోకి చేరుతుంది. పడవ నడిపేవారికి ఏ మట్టం అనుకూలమైనా, ఇంటి గడప దాకా నీరు వచ్చిన నిర్వాసితుల గోడు దానికన్నా ముందు లెక్కకు రావలసినదే.

రెండవ లేఖ: సోనారి, దోముహాని

ఒడిశాలోని మయూర్‌భంజ్ కొండల నుంచి వచ్చే ఖర్కాయీ, ఆదిత్యపూర్ పక్కగా ఉత్తరానికి సాగి, సోనారి వద్ద దోముహానిలో సువర్ణరేఖను కలుస్తుంది. 1907లో టాటాల ఉక్కు కర్మాగారానికి ఇప్పటి జంషెడ్‌పూర్‌లోని సాక్చి గ్రామ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి ఈ రెండు నదుల నీరు అందుబాటులో ఉండడం ఒక ప్రధాన కారణం. పడవకు మాత్రం ఈ సంగమం రెండు వేర్వేరు రాష్ట్రాల వాన ఒకేచోట తేలే స్థలం. ఒక నదిలో వరద తీస్తున్న వేళ మరొకదానిలో ఎక్కుతూ ఉండవచ్చు.

సంగమానికి దిగువన మాన్గో వంతెన వద్ద సువర్ణరేఖకు ప్రమాదస్థాయి 121.50 మీటర్లు, ఎగువన ఆదిత్యపూర్ వంతెన వద్ద ఖర్కాయీకి 129 మీటర్లు. భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగుల హెచ్చరికలకు అలవాటుపడిన గోదావరి తీరవాసులకు ఈ అంకెలు విస్మయం కలిగిస్తాయి. కాని ఇవి నీటి లోతులు కావు, సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తులు. రెండింటి నడుమ తేడా ఏడున్నర మీటర్లు ఉండడాన్ని బట్టి, కొద్ది కిలోమీటర్ల దూరంలోనే నీరు ఎంత వాలున దిగుతోందో ఊహించవచ్చు. అడుగున రాతి పలకలు పరచుకుని ఉన్నచోట అలాంటి వాలు నీటిని వడిగా మారుస్తుంది.

అయితే అంకె ఒక్కటే నదిని చెప్పదు. వరద ఎక్కేటప్పుడు ముందున్న నీటికన్నా వెనుక వస్తున్న నీరు ఎత్తుగా ఉండి, ఉపరితలపు వాలు పెరుగుతుంది; తీసేటప్పుడు ఆ వాలు తగ్గుతుంది. కనుక కొలబద్ద మీద గీత ఒకటే అయినా, ఎక్కుతున్న నీరు తీస్తున్న నీటికన్నా వేగంగా, ఎక్కువ పరిమాణంలో పోతుంది. పైగా ఎక్కే వరద ఒడ్డున పడి ఉన్న దుంగలను, కొమ్మలను లేపి తనతో తెస్తుంది. మట్టం పెరిగినప్పుడు లోతు, వెడల్పు, వేగం మూడూ కలిసి హెచ్చుతాయి కాబట్టి, అడుగు ఎత్తు పెరుగుదలకు ప్రవాహ పరిమాణం అదే పాళ్లలో గాక అంతకు మించి పెరుగుతుంది. ఈ పరిమాణాన్నే క్యూసెక్కులలో, అంటే సెకనుకు ఇన్ని ఘనపుటడుగులని లెక్కిస్తారు. తెడ్డు పట్టేవారికి ఇంతకు మించిన పాఠం మరొకటి లేదు.

నడిమి మట్టంలో బండల వెనుక నీరు ఎగువకు తిరిగి నిలకడగా ఉండే చోట్లు ఏర్పడతాయి. అలసిన పడవకు అవి బజారు దారిలో అరుగుల వంటివి. మట్టం ఇంకా పెరిగితే బండలు మునిగి ఆ అరుగులు మాయమవుతాయి, వాటి స్థానంలో పైనుంచి దూకి కిందనే చుట్టుకునే గుండాలు పుడతాయి. ఒడ్డు వెంట నీట మునిగిన చెట్లు మరింత ప్రమాదకరం, ఎందుకంటే కొమ్మల సందుల్లోంచి నీరు జారిపోతుంది గాని మనిషి, పడవ అక్కడే చిక్కుకుంటారు. సువర్ణరేఖ నిండుగా ఉన్నప్పుడు ఖర్కాయీ నీరు సంగమం దగ్గర వెనక్కి నెట్టబడి మడుగులా నిలుస్తుంది. పైకి ప్రశాంతంగా కనిపించే ఆ మడుగు చివర రెండు ప్రవాహాలు ఒరుసుకునే గీత మీద పడవ బోర్లాపడే అవకాశం ఎక్కువ.

2021 మే నెలాఖరున యాస్ తుపాను వానలకు ఈ నదులు పొంగి, పల్లపు వాడలు జలమయమయ్యాయి. వర్షాకాలం రాకముందే, నదిలో నీరు తక్కువని అందరూ భావించే మాసంలో అది జరిగింది గనుక, ఋతువును నమ్మి నదిని అంచనా కట్టడం ఎంత అపాయమో తెలుస్తుంది.

నదుల మీద ఇన్ని అపాయాలున్నా, జంషెడ్‌పూర్‌కు సాహసయాత్రల అనుభవం కొత్తది కాదు. 1984లో ఏర్పడిన టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్‌ను దీర్ఘకాలం నడిపిన బచేంద్రీ పాల్, 1994లో మహిళల బృందంతో హరిద్వార్ నుంచి కలకత్తా వరకు గంగ మీద రాఫ్ట్ యాత్ర సాగించారు.

మూడవ లేఖ: గాలూడీహ్, ఆశ్వయుజం

వరద తీసిన నది మరో పరీక్ష పెడుతుంది. మాన్గో దిగువన నీరు పాయలుగా చీలినప్పుడు, ఏ పాయ చివరిదాకా పడవను తేలుస్తుందో, ఏది ఇసుకలో ఇంకిపోతుందో ముందుగా గుర్తించాలి. తప్పిన పాయలో పడవను మోకాటిలోతు నీట ఈడ్చక తప్పదు. తెల్లని నురుగు కనిపించినచోట కింద బండ ఉన్నదని, నున్నగా నాలుకలా సాగినచోట లోతు ఉన్నదని స్థూలంగా అనుకోవచ్చు. ఈ మట్టంలో శ్రమ పెరిగినా ప్రాణాపాయం తగ్గుతుంది కాబట్టి, కొత్తగా తెడ్డు పట్టినవారు నదిని నేర్చుకోవడానికి వరద తీసి నీరు తేరుకున్న ఈ రోజులే మేలు.

గాలూడీహ్ బ్యారేజీ వద్ద ఆ మేలుకు కూడా హద్దు ఉంది. అడ్డుకట్ట దిగువన నీరు పైకి లేచి తిరిగి కట్టవైపే చుట్టుకుంటుంది. అందులో పడినదానిని బయటికి వదలదు, కొద్దిపాటి నీటిలోనూ ఆ గుణం పోదు. అందువల్ల బ్యారేజీకి బాగా ఎగువనే ఒడ్డు చేరి, పడవలను భుజాన మోసుకుని దాటడమే పద్ధతి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద, గోదావరి వరద మీదున్న వేళ బయలుదేరిన పర్యాటక బోటు మునిగి పదులకొద్దీ ప్రాణాలు పోయిన విషాదం నాన్నగారికి తెలిసినదే. అంత పెద్ద నదిలో అంత పెద్ద బోటుకే తప్పనిది చిన్న పడవకు తప్పుతుందనుకోవడం అవివేకం. బ్యారేజీ దాటిన తరువాత ఘాట్‌శిల దాకా పోవాలంటే, గేట్లు ఎప్పుడు ఎత్తుతారో అక్కడి సిబ్బందిని అడిగి తెలుసుకున్నాకే పడవలు దించాలని నిర్ణయమైంది. తదుపరి ఉత్తరం ఘాట్‌శిల నుంచి రాగలదు. అమ్మగారికి నమస్కారములు.

ఇట్లు,
మీ కుమార్తె