పసుపుపచ్చని తీగ

కారు తాళము త్రిప్పినంతనే చోదకుని యెదుటి పలకమీద చిన్న చిన్న దీపములు కొన్ని వెలుగును. వానిలో ఒకదానియందు, పట్టీ కట్టుకొని కూర్చున్న మనిషి బొమ్మయు, అతని రొమ్మున కెదురుగా ఒక గుండ్రని బంతియు కనబడును. అది ఎయిర్‌బ్యాగు దీపము. ఐదాఱు సెకండ్లు వెలిగి ఆఱిపోయినచో క్షేమము. ఆఱక నిలిచినను, మినుకుమినుకుమనుచున్నను, అసలే వెలుగకున్నను ఎక్కడనో లోపమున్నదని యర్థము. ఈ మూడవ దానిని గూర్చి ఎఱిగినవారు తక్కువ. వెలుగని దీపమును చూచి సంతోషించువారే యెక్కువ.

ఎయిర్‌బ్యాగనగా స్టీరింగు చక్రము నడుమ మడచిపెట్టిన నైలాను సంచి. ఇది ఒక తండ్రి భయమునుండి పుట్టినదని చెప్పవచ్చును. 1952వ సంవత్సరమున అమెరికా దేశమునందలి పెన్సిల్వేనియా రాష్ట్రములో జాన్ హెట్రిక్ అను ఇంజనీరు భార్యతోను, చిన్న కుమార్తెతోను కారులో పోవుచుండెను. దారిలో బండ యడ్డమురాగా అతడు చక్రమును ప్రక్కకు త్రిప్పెను. కారు గుంటలోనికి దిగెను. ఆ క్షణమున భార్యాభర్త లిద్దరును బిడ్డ ముఖము ముందటి పలకకు తగులకుండ చేతులడ్డము పెట్టిరి. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని మనిషి చేతులు ప్రతిసారియు అంత వేగముగా లేవవు. చేతులకు బదులు మెత్తని దేదైన తనంతట తానే లేచి అడ్డుపడరాదా యని యోచించి, అతడొక నమూనా గీచి, 1953లో దానికి పేటెంటు పొందెను. అయితే ఢీకొన్న సంగతిని రెప్పపాటుకంటె ముందే పసిగట్టగల సాధనము ఆనాటి కింకను సిద్ధము కాలేదు. ఆ యూహ వాడుకలోనికి వచ్చుటకు అనేక సంవత్సరములు పట్టినది. 2019 జూలై 1 తరువాత తయారైన ప్రతి కారునందును చోదకుని యెదుట ఎయిర్‌బ్యాగు ఉండవలెనని భారత ప్రభుత్వము నియమించినది. ముందటి సీటులో ప్రక్కన కూర్చుండు వానికిని 2021లో అది తప్పనిసరి యైనది. కావున ఒకప్పుడు విదేశపు వింతగానుండిన యీ సంచి, నేడు చిన్నపట్టణపు మరమ్మతుషాపు ముంగిటికిని వచ్చియున్నది.

సంచి వెనుక వాయువు పుట్టించు డబ్బా యుండును. ఆ డబ్బా మూతిలో వెంట్రుకవంటి సన్నని తీగ యొకటి కలదు. ఢీకొన్న వెంటనే కారులోని చిన్న కంప్యూటరు ఆ తీగకు విద్యుత్తును పంపును. ఒక ఆంపియరుకు కొంచెము పైబడిన విద్యుత్తు సెకండులో వేయింట రెండు వంతుల కాలము ప్రవహించినచో చాలును. తీగ కాలి, మందు రగిలి, సెకండులో వేయింట ముప్పది వంతుల కాలములో సంచి నిండును. పదేండ్లు, పదునైదేండ్లు ఏ పనియు చేయక కూర్చుండి, ఒకే యొక్కసారి, ఆ స్వల్పకాలమున తప్పక పనిచేయవలసిన తీగ యిది. అందుచేతనే దానికి సంబంధించిన కనెక్టర్లకు సాధారణముగా పసుపుపచ్చని రంగు వేయుదురు. చేయి పెట్టబోవువాడు జాగ్రత్తపడవలెనని దాని భావము.

పరీక్షించి చూచుటకు సంచిని ప్రేల్చిచూడ వీలులేదు గదా! కావున ఆ కంప్యూటరు మందు రగులనంత స్వల్పమైన విద్యుత్తును తీగలో పంపుచు, దాని నిరోధమును కొలుచుచుండును. అది సాధారణముగా రెండు ఓములకు దగ్గరగా నుండవలెను. మిక్కిలి హెచ్చినచో తీగ తెగినదనియో, కనెక్టరు త్రుప్పుపట్టినదనియో గ్రహించును. మిక్కిలి తగ్గినచో రెండు తీగలొకదానికొకటి తగులుచున్నవని గ్రహించును. వెంటనే దీపము వెలిగించి, లోపమునకు గుర్తైన సంకేతమును తనలో వ్రాసికొనును. లోపము తీరువరకు సంచి తెఱచుకొనునను నమ్మకము లేదు.

తీగ యెక్కువగా చెడు తావులు రెండు. మొదటిది స్టీరింగు చక్రము వెనుకనున్నది. చక్రము తిరుగును, కారు తిరుగదు; రెంటినడుమ తీగ తెగకుండుట యెట్లు? దానికై పట్టెడవంటి పలుచని తీగను చుట్టిన చాపవలె చుట్టి యొక డబ్బాలో నుంచుదురు. చక్రమటు త్రిప్పిన చుట్ట బిగియును, ఇటు త్రిప్పిన వదులగును. గడియారపు స్ప్రింగును పోలియుండుటచే దీనిని క్లాక్ స్ప్రింగు అందురు. ఏండ్లు గడచినపుడు ఇది నలిగి తెగవచ్చును. చక్రము నూడదీసినవాడు మరల బిగించునపుడు చుట్టను సరిగా నడుమకు తేకున్నచో, ఒక్క మలుపుననే తెగును. దీపము వెలుగుటతోపాటు హారను గూడ మూగవోయినచో నేర్పరియైన మెకానిక్కు మొట్టమొదట నిచ్చటనే వెదకును. ఏలయన హారను తీగయు అందులోనుండియే పోవుచున్నది.

రెండవది సీటు క్రింద. సీటును ముందునకు వెనుకకు జరుపుటచేతను, గొడుగులు, నీటిసీసాలు త్రోయుటచేతను అచ్చటి కనెక్టరు వదులగును. ఎలుకలు తీగ కొఱుకుటయు కలదు.

పనికి పూనుకొనుటకు ముందు బ్యాటరీ తీగ నూడదీసి, తయారీదారు పుస్తకములో చెప్పినన్ని నిమిషములు ఊరకుండవలెను. కారు ఢీకొన్నపుడు బ్యాటరీ తెగిపోయినను సంచి తెఱచుకొనుటకై కంప్యూటరు కొంత విద్యుత్తును దాచుకొనియుండును, అది దిగిపోవలెను. తొందరపడినవాని ముఖముమీదనే సంచి ప్రేలగలదు. డబ్బా తీగకు మల్టీమీటరు తగిలించి కొలుచుటయు ప్రమాదమే.

మఱి లోపము సంచిలోనున్నదా, తీగలోనున్నదా యని తెలిసికొనుట యెట్లు? సంచిని విప్పి, దాని స్థానమున రెండు ఓముల రెసిస్టరును తగిలింతురు. ఇపుడు కంప్యూటరు సరిగా నున్నదని చెప్పినచో దోషము సంచిది, చెప్పకున్నచో తీగది. వేలెడంత లేని యీ సాధనము నిజమును తేల్చును. చిత్రమేమనగా, అదే సాధనము గొప్ప యబద్ధమును గూడ ఆడగలదు. ఒకసారి ఢీకొని సంచి ప్రేలిపోయిన కారును చౌకగా కొని, క్రొత్తసంచి వెల భరింపలేక, ఆ రెసిస్టరును అచ్చటనే శాశ్వతముగా వదలి, పైమూత అంటించి అమ్మువారు లేకపోలేదు. అంత శ్రమయు పడక, దీపమునే తొలగించువారును, ప్రక్కనున్న వేఱొక దీపముతో దానిని కలిపి, రెండును ఒకేసారి ఆఱునట్లు చేయువారును కలరు. దీపము ఆఱును. కొన్నవాడు భార్యాబిడ్డలను ఎక్కించుకొని నిశ్చింతగా పోవును. చక్రము నడుమ నున్నది శూన్యము. దొంగ ధనమును దోచును; వీరు దోచునది మనిషి నమ్మకమును. ఆ సంగతి బయటపడునాడు అడుగుటకు అతడుండకపోవచ్చును.

పాతకారు కొనువారు తాళము త్రిప్పి, ఈ దీపము విడిగా వెలిగి, విడిగా ఆఱుచున్నదో లేదో కనిపెట్టి చూడవలెను. అనుమానమున్నచో సంకేతములు చదువు యంత్రముతో పరీక్షింపజేయవలెను.

నిజాయితీగల పనివాడు తెగిన క్లాక్ స్ప్రింగును అతుకడు, క్రొత్తది వేయును. సీటు క్రింది తీగను తయారీదారు అనుమతించిన విధముననే బాగుచేయును. అనుమతి లేనిచోట తీగలకట్టనే మార్చును. సంచిని మోయునపుడు దాని ముఖమును తన రొమ్మునుండి ఆవలకు త్రిప్పి పట్టుకొనును. బల్లమీద ముఖము పైకుండునట్లు పెట్టును. అన్నియు బిగించి, పరీక్షకై పెట్టిన రెసిస్టరును మరల తన పెట్టెలో వేసికొని, బ్యాటరీ కలిపి, సంకేతములు తుడిచి, తాళము త్రిప్పును. దీపము వెలిగి, ఆఱును. అతడంతటితో లేవడు. చక్రమును ఎడమకు కొసవరకు, కుడికి కొసవరకు మెల్లగా త్రిప్పును. సీటును ముందునకు వెనుకకు జరుపును. దీపము మరల వెలుగలేదని చూచిన పిమ్మటనే తాళము యజమాని చేతికిచ్చును.