అతుకు దగ్గరే అసలు కథ

నేను చదివింది మెకానికల్, బతుకుతున్నది సాఫ్ట్‌వేరు మీద. చదివినదాంట్లో గుర్తున్నది తక్కువే గానీ, ఫెటీగ్ పాఠం మాత్రం మర్చిపోలేదు. చిన్న బరువే అయినా లక్షలసార్లు పడితే లోహం అలిసి పగులుతుంది.

గట్టి స్టీలు వాడితే సరి కదా అనుకునేవాణ్ణి. అతుకు లేని స్టీలుకైతే నిజమే. వెల్డు చేసి వదిలేస్తే మాత్రం 350 మెగాపాస్కల్ స్టీలైనా, 700దైనా ఫెటీగ్ బలం దాదాపు ఒక్కటే! వెల్డు అంచున కంటికి ఆనని లోపాలుంటాయి, చల్లారేటప్పుడు లోపల మిగిలిపోయిన లాగుడూ ఉంటుంది. పగులు అక్కణ్ణుంచే పాకుతుంది.

1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే ప్లాట్‌ఫారం ఒక కాలు ఊడి తిరగబడింది. 123 మంది పోయారు. పగులు మొదలైంది హైడ్రోఫోన్ బిగించడానికి అతికించిన చిన్న ముక్క దగ్గర, 6 మిల్లీమీటర్ల వెల్డులో. ప్లాట్‌ఫారం బరువు మోసే ముక్క కూడా కాదది!

మొన్న శుక్రవారం నేనూ "లాగ్ రాసే నాలుగు లైన్లే కదా" అని సరిగ్గా చూడకుండా కోడ్ పెట్టేశాను. ఆదివారం రాత్రి రెండింటికి ఫోను. లాగులతో డిస్కు నిండిపోయి సర్వరు పడిపోయింది. ఎవరి ప్రాణం మీదకీ రాలేదు, అంతే అదృష్టం.

ఇప్పుడెవరైనా "చిన్న మార్పే" అంటే, "దేనికి అతికిస్తున్నావు?" అని అడుగుతున్నా. మీరేమంటారు?