ముందు చెవి, తర్వాత కన్ను

పాత సినిమా కెమెరా చేతికి రాగానే చాలామంది లెన్సు చూస్తారు. ఏ కంపెనీది, అద్దం మీద గీతలున్నాయా, బూజు పట్టిందా అని వెలుతురుకు పెట్టి మరీ చూస్తారు. నేను పక్కమూత తీసి ఫిల్ము నడిచే దారి చూస్తాను. బొమ్మ నిలబడుతుందా, చెడుతుందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఫిల్ము ఎక్కించడాన్ని షూటింగుకు ముందు ముగించుకోవలసిన చిల్లరపనిగా చూసేవాళ్ళతో నాకెప్పుడూ పేచీయే. అది షూటింగులో మొదటి సగం.

మా ఇంట్లో ఉన్నది బోలెక్స్ హెచ్-16. స్విట్జర్లాండులోని సాంత్-క్రువా అనే ఊళ్ళో పాయార్ కంపెనీ 1935లో మొదలుపెట్టిన రకం. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసిన మా మావయ్య తెచ్చుకున్నాడు. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. పక్కనున్న పిడి తిప్పి నిండా కీ ఇస్తే సెకనుకు 24 ఫ్రేముల చొప్పున దాదాపు 28 సెకన్లు నడుస్తుంది. వంద అడుగుల రీలు మూడు నిమిషాలు కూడా రాదు. ఆ కాస్త నిడివిలోనే మావయ్య మా చోడవరాన్ని పట్టుకున్నాడు. చవితినాడు స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ముందు జనం, క్రషింగ్ రోజుల్లో గోవాడ పంచదార ఫ్యాక్టరీ దారిన బారులు తీరిన చెరకు బళ్ళు, కొబ్బరినీళ్ళు తాగుతూ కెమెరా వైపు సిగ్గుగా చూసే మా అమ్మ. 2022లో మా ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఆయన ఫిల్ము డబ్బాల మీద ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది.

కెమెరా లోపల రెండు రకాల నడకలుంటాయి. పళ్ళచక్రాలు ఫిల్మును ఒకే వేగంతో, ఆగకుండా లాగుతూ ఉంటాయి. లెన్సు వెనకున్న గేటు దగ్గర మాత్రం ఫిల్ము ఆగాలి. ఆగి, వెలుగు తిని, షట్టరు మూసుకోగానే ఒక్క ఫ్రేము కిందికి జరిగి మళ్ళీ ఆగాలి. చిన్న కొక్కెం ఒకటి ఫిల్ము అంచు రంధ్రంలోకి దిగి సెకనుకు 24 సార్లు ఈ పని చేస్తుంది. ఆగని నడకకూ ఆగి నడిచే నడకకూ పొత్తు కుదరాలంటే గేటుకు పైనా కిందా ఫిల్మును కొంచెం వదులుగా వంచి ఉంచాలి. అదే లూపు. గెంతే దూడకు పలుపులో వదులు ఉంచినట్టే ఇది కూడా. బిగిస్తే మెడకు పడుతుంది, మరీ వదిలితే కాళ్ళకు చుట్టుకుంటుంది. లూపు చిన్నదైతే ఫిల్ము గేటులో నిలవకుండా జారి బొమ్మ నిలువునా అలుక్కుపోతుంది. పెద్దదైతే గోడలకు రాసుకుని గీతలు పడతాయి.

ఎక్కించడం ఎప్పుడూ నీడలోనే. రీలుకు అటూ ఇటూ రేకులుండి లోపలి చుట్లను వెలుగునుంచి కాపాడతాయి గానీ పై చుట్లు కొన్ని తెల్లబోక తప్పదు. అందుకే ఎండలో మూత తీయకూడదు. ముందు గేటు శుభ్రం చేయాలి. మెత్తని కుంచెతో దులిపి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, ఫిల్ము మీది మందు (ఎమల్షన్) రాలి అతుక్కున్న పొడిని సన్నని కర్రపుల్లతో గీకాలి. ఇనుప ముక్క పెట్టావో, దాని గీత ఆ తర్వాత తీసే ప్రతి రీలు మీదా పడుతుంది. మా కెమెరాలో లూపు వంచడానికి లోహపు రెక్కలున్నాయి. అవి మూసి, లోపలే అమర్చిన చిన్న కత్తితో ఫిల్ము కొసను కోసి, పై పళ్ళచక్రానికి అందించి మీట నొక్కితే ఫిల్ము తన దారి తానే వెతుక్కుని కిందినుంచి బయటికొస్తుంది. అప్పుడు రెక్కలు విడిచిపెట్టాలి. కొసను రెండో రీలుకు తగిలించి, మూత వేయకముందే ఒకట్రెండు అడుగులు నడిపి రెండు లూపులూ ఊపిరాడుతున్నాయా లేదా చూసుకోవాలి. మందు పూసిన వైపు లెన్సుకు ఎదురుగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. మూత వేశాక లెక్కముల్లు సున్నాకు వచ్చేదాకా నడిపితే వెలుగు తిన్న చుట్లు దాటిపోతాయి.

మూత పడ్డాక లోపల ఏం జరుగుతుందో కంటికి తెలియదు. "ముందు చెవి పెట్టరా, కన్ను తర్వాత" అనేవాడు మావయ్య. ఓడ ఇంజన్ల దగ్గర అలవాటైన చెవి ఆయనది. లూపు సరిగ్గా ఉన్న కెమెరా ఒకే శ్రుతిలో గుర్రుమంటుంది. లూపు తప్పిందా, ఆ గుర్రులో కటకటమనే చప్పుడు చేరుతుంది. చెవిన పడ్డ క్షణాన మీట వదిలేస్తే నష్టం కొద్ది అడుగులతో పోతుంది. వినకుండా సాగదీస్తే ఫిల్ము లోపలే కుప్పపడి మడతలు పడి రంధ్రాలు చిరుగుతాయి. కొత్త ఫిల్ముకు ఒక అంచునే రంధ్రాలుంటే, రెండు వైపులా పళ్ళున్న బాగా పాత చక్రాలు రెండో అంచును కొరికేస్తాయి. పాత కెమెరా కొనేవాళ్ళు ఆ పళ్ళ వరసలు చూసి మరీ కొనాలి.

వేగం తగ్గిన కెమెరాకు మావయ్య పరీక్ష నాకెంతో ఇష్టం. ఎందుకూ పనికిరాని ఫిల్ము ఎక్కించి, కనిపించే చోట పెన్నుతో గుర్తుపెట్టి, గడియారం చూస్తూ సరిగ్గా పది సెకన్లు నడపాలి. పదహారు మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 40 ఫ్రేములు. సెకనుకు 24 చొప్పున పది సెకన్లకు 240, అంటే ఆరడుగులు. దర్జీ టేపు పెట్టి కొలిస్తే కెమెరా నిజం చెబుతుందో లేదో తెలిసిపోతుంది. అయిదడుగులే వచ్చిందంటే లోపలి గ్రీజు గట్టిపడిందన్నమాట. అలాంటప్పుడు పైనుంచి నూనె పోయడం మహాపాపం. అది షట్టరు మీదికి, ఆపైన ఫిల్ము మీదికి పాకుతుంది. తెలిసిన మెకానిక్కు విప్పి కడగాల్సిందే. ఫిల్ము లేకుండా పెద్ద వేగంలో తిప్పడమూ తప్పే.

మా కోస్తా ఉక్క వేరే శత్రువు. లెన్సుల్లో బూజుకు ఇంతకన్నా మంచి ఊరు దొరకదు. ముడిఫిల్మును ఫ్రిజ్‌లో పెట్టినవాళ్ళు తీసిన వెంటనే డబ్బా విప్పితే చల్లని ఫిల్ము మీద తేమ దిగి చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. డబ్బా మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా ఆగాలి. ఆ ఓపిక లేనివాళ్ళు ఫిల్ము జోలికి రాకపోవడం మంచిది.

ఈ పనిలోని నేర్పు ఎంతటిదో తలుచుకున్నప్పుడల్లా నాకు 'సీతారామ కల్యాణం' గుర్తొస్తుంది. 1961లో వచ్చింది, ఎన్టీఆర్ తొలిసారి దర్శకత్వం వహించిన సినిమా. అందులో రావణుడి పది తలల్ని ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ కెమెరాలోనే సృష్టించాడు. నల్లని ముసుగును పది భాగాలు చేసి, ఒక్కో భాగం తెరిచి ఒక్కో ముఖం తీసి, అదే ఫిల్మును వెనక్కి చుట్టి మళ్ళీ తీశాడని, ఎన్టీఆర్ గంటల తరబడి కదలకుండా నిలబడ్డాడని చెబుతారు. ఆ ఓర్పును మెచ్చుకోనివాళ్ళు లేరు. నా మనసు మాత్రం ఆ పూట ఫిల్ము వెనక్కి చుట్టిన చేతుల దగ్గర ఆగిపోతుంది. తొమ్మిదో తలకో పదో తలకో ఒక్క రంధ్రం తేడా వచ్చినా అంతకుముందు తీసిన తలలన్నీ వృథా.

ఆ చేతుల పేర్లు మనకు తెలియవు. ఛాయాగ్రహణం అని తెర మీద ఒక పేరు నిలుస్తుంది, సహాయకుల పేర్లు వరసగా దొర్లిపోతాయి. నల్లసంచిలోకి మోచేతులదాకా చేతులు దూర్చి, చీకట్లో వేళ్ళతోనే నాలుగొందల అడుగుల ఫిల్ము పట్టే మ్యాగజైను నింపినవాళ్ళు వాళ్ళే. ముప్పై అయిదు మిల్లీమీటర్లలో ఆ నాలుగొందల అడుగులూ నాలుగున్నర నిమిషాలైనా రావు. కాబట్టి రోజంతా ఆ సంచి దగ్గరే. షాటు ఓకే అనగానే లెన్సు పక్కకు తీసి గేటులో వెంట్రుక ఉందేమో చూసిందీ వాళ్ళే. పదహారు మిల్లీమీటర్ల ఫ్రేము వెడల్పు పది మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో ఇరుక్కున్న నూలుపోగు తెర మీద మోకంత కనిపిస్తుంది. మన తెలుగు సినిమా చరిత్రలు రాసేవాళ్ళు ఈ మనుషుల దగ్గరకు వెళ్ళి కూర్చుని అడిగి రాసుకోవాలని నా కోరిక. వాళ్ళు చెప్పగలిగేది ఏ పుస్తకంలోనూ లేదు.

రీలు అయిపోవచ్చినప్పుడు కూడా చెవే చెబుతుంది. కొస గేటు దాటగానే కెమెరా గొంతు తేలికవుతుంది. ఇంకాసేపు నడిపి కొసను పూర్తిగా చుట్టుకోనివ్వాలి. నీడలో మూత తీసి, చుట్లు వదులవకుండా వేలితో అదిమి పట్టుకుని డబ్బాలో పెట్టి, చుట్టూ టేపు వేయాలి. డబ్బా మీద ఫిల్ము రకం, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఊరు, తేదీ రాస్తాను. ఏ అడుగు దగ్గర చప్పుడు మారిందో అది కూడా తప్పకుండా రాస్తాను, ల్యాబులో మొదట అక్కడ చూస్తారని.