నందికొండ క్రింది ద్రాక్షతోట

బెంగుళూరు తెలుగువారికి నందికొండ క్రొత్తది కాదు. దాని చెంతనే, దొడ్డబళ్లాపురము వైపున, 1988లో గ్రోవరు కుటుంబమువారు ఫ్రెంచి నిపుణుల తోడ్పాటుతో ద్రాక్షమధువుకై తోటలు వేసిరి. కోతల కాలమున వానిని చూడబోయితిమి. "కల్లుపాకకు నేనెందుకురా?" అని మా అమ్మ త్రోవ పొడవునను గొణుగుచునే యుండెను.

ఎఱ్ఱమధువునకు రంగు రసమువలన రాదు, తొక్కవలన వచ్చును. అందుచే నల్లద్రాక్షను చిదిపి, తొక్కతోడనే పులియనిత్తురు. తెల్లమధువునకైనచో ముందుగనే పిండి, రసమును మాత్రము చల్లని ఉక్కుతొట్లలో పులియబెట్టుదురు. పీపాల గదిలో అడుగిడగనే అమ్మ నిలిచిపోయెను. "ఇది మా నాన్నగారి ద్రాక్షాసవపు సీసా వాసనరా!" అనెను. ద్రాక్షాపాకమని కవిత్వమును మెచ్చుకొను జాతివారము, ఇచట ముక్కు మూసికొననేల?

భోజనమునకు ఇటలీవారి పాస్తా, జున్ను, ఆలివుకాయలు వచ్చినవి. పాస్తాను "లావుపాటి సేమ్యా" యని అమ్మ తృప్తిగానే తినెను. ఆలివును మాత్రము ఊరగాయగా అంగీకరింపలేదు. కారము లేనిది ఊరగాయ యెట్లగును?

తోట అంచున గుత్తులు కోయుచున్న ముసలమ్మ మా మాటలు విని, "మీది యావూరమ్మా?" అని పలుకరించెను. దేవనహళ్లి దిక్కున వారికిని బెంగుళూరు బ్లూ ద్రాక్షతోట యుండెడిదట. 2008లో విమానాశ్రయము వచ్చిన పిదప అది ఇండ్ల స్థలములైనదట. మనుమలకు తెలుగు అర్థమగును గాని, కన్నడముననే బదులు చెప్పుదురట.

"మావాళ్లూ అంతేనమ్మా" అనుచు అమ్మ గట్టుపై చతికిలబడి, సంచిలోని అరిసెలు తీసెను. మేము రెండుమార్లు పిలిచినను లేవలేదు.